క్యూ కర్ర: చేత్తో చేసిందా, ఫ్యాక్టరీదా?

క్యూ అనగానే మన బ్రాంచ్ వాళ్ళకి ముందు గుర్తొచ్చేది డేటా స్ట్రక్చర్. ఇక్కడ క్యూ అంటే అది కాదు, పూల్ ఆడే కర్ర. ఈ సెమిస్టర్‌లోనే ఆడటం మొదలుపెట్టాను. దాచుకున్న డబ్బులతో సొంత క్యూ కొందామని నెట్‌లో వెతికితే ఒక డౌట్ వచ్చింది. ఒకే పొడవు, ఒకే బరువు ఉన్న రెండు కర్రల్లో ఒకటి వేలల్లో, ఇంకొకటి లక్షల్లో ఎందుకుంది?

ముందు క్యూలో ఏముంటుందో చూద్దాం. పొడవు దాదాపు 58 అంగుళాలు, బరువు 18 నుంచి 21 ఔన్సులు. సాధారణంగా రెండు ముక్కలుగా ఉంటుంది. ముందుది షాఫ్ట్, ఎక్కువగా హార్డ్ మేపుల్ చెక్కతో చేస్తారు. దాని కొసన తోలు టిప్ ఉంటుంది. వెనక మనం పట్టుకునేది బట్. రెండూ స్క్రూతో కలిసే చోటు జాయింట్.

అసలు కష్టమంతా చెక్కతోనే. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. పైన ఒక పొర తీసేస్తే లోపలి ఒత్తిడి మారి కొంచెం వంగొచ్చు కూడా. అందుకే చేత్తో చేసే మేకర్ లేత్ మీద కొంచెం తీసి, కొన్ని వారాలు పక్కన పెట్టి, మళ్ళీ కొంచెం తీస్తాడు. ఇలా నెలలు పడుతుంది. మధ్యలో వంగినవాటిని వదిలేస్తాడు. మనం ఫస్టియర్ వర్క్‌షాప్‌లో హాఫ్ ల్యాప్ జాయింట్ చేసింది గుర్తుందా? సందు వస్తే ఫెవికాల్, రంపపు పొట్టు కలిపి కప్పేశాం! మేకర్‌కి ఆ ఛాన్స్ లేదు. ఆ కర్రకి తన పేరే గ్యారంటీ.

అయితే చేత్తో చేసిందే గొప్పదా? నేనూ అలాగే అనుకున్నాను, జార్జ్ బాలబుష్కా గురించి చదివేదాకా. రష్యాలో పుట్టి, 1924లో అమెరికా వచ్చి, చెక్కపని చేసుకుంటూ బతికిన మనిషి. 1959లో స్నేహితులకి బహుమతిగా క్యూలు చేయడం మొదలుపెట్టాడు. 1975లో చనిపోయేసరికి సుమారు వెయ్యికి పైగా చేశాడని అంచనా. వాటి కోసం కలెక్టర్లు ఇప్పటికీ వెతుకుతారు. కానీ ఆయన చాలా క్యూలకి వాడిన బ్లాంక్, అంటే బట్‌కి కావలసిన అతికించిన ముడి చెక్క, బ్రన్స్‌విక్ ఫ్యాక్టరీది! ఇంకో తమాషా. 1986లో వచ్చిన 'ద కలర్ ఆఫ్ మనీ' సినిమాలో బాలబుష్కాగా చూపించిన క్యూ నిజానికి జాస్ కంపెనీది.

ఫ్యాక్టరీ గెలిచిన చోటు కూడా ఉంది. బంతిని మధ్యలో కాకుండా కుడివైపు కొడితే, అది మనం గురిపెట్టిన గీత నుంచి కొంచెం ఎడమకి జరుగుతుంది. దీన్నే డిఫ్లెక్షన్ అంటారు. షాఫ్ట్ కొస దగ్గర బరువు తగ్గితే ఇదీ తగ్గుతుంది. 1990లలో ప్రెడేటర్ కంపెనీ పది మేపుల్ ముక్కల్ని కేక్ ముక్కల్లా గుండ్రంగా అతికించి, కొస తేలిగ్గా ఉండేలా షాఫ్ట్ చేసింది. ఏ వైపు తిప్పి కొట్టినా ఒకేలా పనిచేయాలన్నది వాళ్ళ ఆలోచన. ఇది టెస్టింగ్‌తో వచ్చిన డిజైన్. ఒక్క మనిషి చేతి నైపుణ్యంతో మాత్రమే వచ్చేది కాదు.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. చేత్తో చేసిన క్యూలో మనం డబ్బు పెట్టేది మేకర్ ఓపికకి, చెక్క ఎంపికకి, మన చేతికి తగ్గట్టు కుదిర్చిన బ్యాలెన్స్‌కి, అందానికి. ఫ్యాక్టరీ క్యూలో పెట్టేది ఒకేలా వచ్చే కొలతలకి. రెండింట్లో ఏది కొన్నా మన స్ట్రోక్ మాత్రం దాంతో రాదు.

చివరికి నేను ఫ్యాక్టరీదే కొన్నాను. మీరు కొనేటప్పుడు రెండు ముక్కలూ విడదీసి, ఒక కన్ను మూసి, ఒక్కోదాన్నీ పొడవునా చూస్తూ మెల్లగా తిప్పండి. వంపు ఉంటే అక్కడే కనిపిస్తుంది. ధర చూడటం ఆ తర్వాత.