మెట్ల కింద డ్రయ్యర్

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఇల్లు మారుతూ తన బట్టల డ్రయ్యర్ మాకు పంపాడు. వెనక గొట్టం పెట్టి గాలి బయటికి వదలాల్సిన రకం. మేడ మీద ఆరేస్తే కోతులు పీకి పారేస్తున్నాయి, మా ఆవిడ మోకాళ్లతో మెట్లెక్కలేదు. కాబట్టి 'ఇంత ఎండ ఉండగా ఇదెందుకు' అని మాత్రం అనకండి. మెట్ల కింద చోటు చూశాం. మిషన్ పెడితే వెనక మూడంగుళాలు మిగులుతుంది. ఆ గోడ అవతల పక్కింటివాళ్ల సందు. పైపుని సజ్జ మీదుగా తిప్పి డాబా పైకి తీద్దామంటాడు మేస్త్రి. 22 అడుగులు, నాలుగు మలుపులు. షాపువాడు మడతలు మడతలుగా సాగే వెండి రంగు పైపు ఇచ్చాడు. ఇది సరిపోతుందా? పటం గీసి పంపుతున్నాను.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాచర్ల

జవాబు: ఎండ సంగతి ఎత్తను మాస్టారూ. నల్లమల అంచున ఉన్నవాళ్లకి కోతుల గురించి నేను చెప్పేదేముంది.

ఆ మడతల పైపు తిరిగి ఇచ్చేయండి. డ్రయ్యర్ నుంచి వచ్చేది వట్టి వేడిగాలి కాదు, తడిగాలి. దాంతోపాటు బట్టల నూగు. మిషన్ లోపలి జాలీ ఎంత పట్టినా కొంత నూగు దాటుకుని పోతుంది. ప్రతి మడతలోనూ ఆ తడి నూగు కూర్చుంటుంది, ఆరుతుంది, దాని మీద మళ్లీ కూర్చుంటుంది. కొన్నాళ్లకి పైపు కోసి చూస్తే లోపల బూడిద రంగు కంబళి ముక్క పరిచినట్టు ఉంటుంది. గోరుతో లాగితే పొరగా ఊడి వస్తుంది. అగ్గిపుల్ల తగిలితే భగ్గుమంటుంది. పైగా మీ మూడంగుళాల సందులో మిషన్ని వెనక్కి నెట్టగానే నాలుగంగుళాల పైపు నలిగి చపాతీ అవుతుంది. గాలి ఆగుతుంది, మిషన్ వేడెక్కుతుంది, బట్టలు మాత్రం ఆరవు. ప్లాస్టిక్ గొట్టమైతే ఇంకా దరిద్రం. అది కాలుతుంది కూడా.

లోపల నునుపుగా ఉండే గట్టి రేకు పైపు, నాలుగంగుళాలది కావాలి. జి.ఐ. గానీ అల్యూమినియం గానీ పర్వాలేదు. వెనక సందుకి మాత్రం గుండ్రటి పైపు పనికిరాదు. అమెరికాలో ఇలాంటి ఇరుకు కోసం పలచటి రేకు పెట్టె డక్ట్ రెడీమేడ్‌గా అమ్ముతారు. మన దగ్గర షాపుల్లో వెతుక్కునే బదులు, మార్కాపురంలో ఏసీ డక్టులు, కూలర్ బాడీలు చేసే రేకు పనివాళ్లకి కొలత ఇవ్వండి. లెక్క ఇది: నాలుగంగుళాల గుండ్రటి పైపు నోటి వైశాల్యం పన్నెండున్నర చదరపు అంగుళాలు. పెట్టె మందం రెండంగుళాలైతే వెడల్పు ఆరున్నర ఉండాలి. అప్పుడు గాలికి చోటు తగ్గదు. లెక్కల మాస్టారైతే ఈ పాటికి మీరే వేసుకుని ఉంటారు. ఆ పెట్టె కొనకు గుండ్రటి కాలర్ పెట్టించి మిగతా దూరం గుండ్రటి పైపుతో తీయండి. అంతకు ముందు మాన్యువల్ ఒకసారి తిరగేయండి. కొన్ని మోడళ్లలో గాలిని పక్క నుంచి తీసే ఏర్పాటు ఉంటుంది. ఉంటే ఈ పెట్టె గొడవే లేదు.

ఇక దారి. మేస్త్రి చెప్పిన డాబా దారి వద్దు. అమెరికా గృహ నిర్మాణ నియమావళిలో డ్రయ్యర్ పైపు పొడవుకి హద్దు 35 అడుగులు. మూలమట్టంగా తిరిగే ప్రతి మలుపునీ ఐదడుగుల కింద జమ కడతారు. మీ నాలుగు మలుపులకే 20 అడుగులు, అసలు పొడవు 22, వెరసి 42. హద్దు దాటింది. మీ మాన్యువల్‌లో ఇంకా తక్కువ రాసి ఉంటే అదే లెక్క. నిలువు పైపులో ఇంకో తంటా ఉంది. పైకి ఎగిరిన నూగు, మిషన్ ఆపగానే మళ్లీ కిందికే జారి మలుపులో పేరుకుంటుంది. పైగా డాబా మీద మూత పెడితే మీ కోతులు ఊరుకుంటాయా?

మీ పటంలో ఎడమ గోడ అవతల మీ పెరడే కనిపిస్తోంది. అక్కడికి ఆరడుగులు, ఒక్క మలుపు. మొత్తం పదకొండు అడుగుల లెక్క. మేస్త్రికి ఇది తట్టలేదంటే నేను నమ్మను. గోడకి కన్నం పెట్టడం ఇష్టం లేక పైకి చూపించి ఉంటాడు. కన్నం సుత్తి, ఉలితో కొట్టించకండి. కోర్ కటింగ్ చేసేవాళ్లని పిలవండి. ఆ గోడకి మార్కాపురం పలకరాయి తాపడం ఉంటే మరీ జాగ్రత్త. ఆ రాయి పొరలు పొరలుగా విడిపోతుంది కనుకే ఒకప్పుడు మన బడిపిల్లలందరి చేతికీ పలకయ్యింది. సుత్తి దెబ్బకి కూడా అలాగే విడిపోతుంది.

పైపు ముక్కలు కలిపేటప్పుడు గాలి ఎటు పోతోందో చూసి, వెనక ముక్క కొనని ముందు ముక్కలోకి దూర్చాలి. తిరగేస్తే అంచు గాలికి అడ్డంగా నిలబడి నూగు పట్టుకుంటుంది. స్క్రూలు బిగించకూడదు, వాటి మొనలదీ అదే పాపం. గుడ్డ టేపు వేడికి ఊడిపోతుంది, అల్యూమినియం టేపు చుట్టించండి. పైపు బయటి వైపుకి కాస్త వాలుగా ఉండాలి. బయటి నోరు నేలకి కనీసం అడుగు ఎత్తున, కిటికీలకి మూడడుగుల దూరాన ఉంటే మంచిది. గాలి వీస్తే తెరుచుకుని ఆగితే మూసుకునే రెక్క మూత పెట్టండి. పక్కింటివాళ్ల సందులోకి వదిలేద్దామన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. వాళ్ల గోడకి చెమ్మ పట్టిన రోజున మీ ముప్పై ఏళ్ల పలకరింపులు పోతాయి.

ఇప్పుడు మీరు అడగనిది. నాకొచ్చే ఉత్తరాలన్నిట్లో గాలి ఎటు పోవాలనే అడుగుతారు. ఎటు నుంచి రావాలని ఒక్కరూ అడగరు. లోపలికి రాని గాలి బయటికి ఎలా పోతుందండీ? పొదిలి, కనిగిరి వైపు పొగాకు బ్యారన్ కాల్చినవాళ్లని అడగండి. ఆకు పసుపు తిరిగాక తేమ తీయడానికి కింది తూములూ పై కిటికీలూ రెండూ తెరుస్తారు. పైవి తెరిచి కిందివి మూస్తే తేమ లోపలే నిలిచి ఆకు నల్లబడుతుంది. మీ మెట్ల కింద అరకి తలుపు పెట్టిస్తున్నట్టు పటంలో ఉంది. ఆ తలుపుకి కనీసం వంద చదరపు అంగుళాల జాలీ, అంటే పదికి పది, పెట్టించండి. అది లేకపోతే పైన చెప్పిన రేకు పనంతా వృథా. కొత్త ఇళ్లు కట్టుకునేవాళ్లకి కూడా ఇదే నా గోల. గోడకి గోడ ఆనించి, వెంటిలేటర్లు మూసి ఏసీలు బిగించి, ఆ తర్వాత గోడ చెమ్మ, బట్టల వాసన, తలనొప్పి అంటూ ఉత్తరాలు రాస్తారు.

కరెంటుకి 16 ఆంపియర్ల ప్లగ్గు విడిగా, ఎర్తింగ్‌తో వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించకండి. అంతా అయ్యాక పది నిమిషాలు నడిపి బయటి నోటి దగ్గర చెయ్యి పెట్టండి. గాలి చేతికి గట్టిగా కొట్టాలి. గోరువెచ్చగా తగిలీ తగలనట్టు ఉంటే ఎక్కడో అడ్డుందని.

ప్రశ్న: డ్రయ్యర్ పైపు కొనకి దోమల మెష్ కొట్టించవచ్చా? బల్లులు దూరుతున్నాయి.
– గిద్దలూరు

జవాబు: వద్దు. నూగుతో మూసుకుపోతుంది. రెక్క మూత పెట్టండి, బల్లికి అదే చాలు.

ప్రశ్న: వంటింటి చిమ్నీ పైపు, డ్రయ్యర్ పైపు కలిపి ఒకే కన్నంలోంచి తీస్తే గోడ పాడవదు కదా?
– బేస్తవారిపేట

జవాబు: గోడ పాడవదు, ఇల్లు కాలుతుంది. చిమ్నీ పైపులో నూనె జిడ్డు, డ్రయ్యర్ పైపులో నూగు. రెండూ కలిస్తే ఒత్తి, నూనె ఒకచోట చేరినట్టే. వేరే కన్నం పెట్టించండి.

ప్రశ్న: మాది మార్కాపురం. ఇప్పుడు అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఇక్కడి డ్రయ్యర్‌లో బట్టలు రెండుసార్లు తిప్పితే గానీ ఆరడం లేదు. ఆ గదిలో ఉక్కపోత. అల్లుడుగారు మిషన్ పాతదైంది, కొత్తది కొందామంటున్నారు. జాలీ నేను రోజూ దులుపుతూనే ఉన్నాను.

జవాబు: కొత్తది కొన్నా బట్టలు ఆరవమ్మా. తప్పు మిషన్‌ది కాదు, పైపుది అయ్యుంటుంది. మీరు దులిపే జాలీ దాటిపోయిన నూగు సంగతి ఎవరూ చూసి ఉండరు. టెక్సాస్ ఇళ్లలో చాలావాటికి బట్టల గది ఇంటి నడిమధ్యన ఉంటుంది, పైపు అటక మీదుగా పైకప్పుకి పోతుంది. పైన మూత దగ్గర ముద్ద కట్టినా కింద ఉన్నవాళ్లకి కనపడదు. రెండుసార్లు తిప్పాల్సి రావడం, గది ఉక్కపోయడం, మిషన్ పైభాగం చెయ్యి పెట్టలేనంత కాలడం, ఇవే దాని గుర్తులు.

అల్లుడుగారికి ఈ అంకె చూపించండి. అమెరికా అగ్నిమాపక విభాగం 2008 నుంచి 2010 దాకా లెక్క తీస్తే, డ్రయ్యర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 ఇళ్లలో మంటలు రేగాయి. కారణాల్లో మొదటిది శుభ్రం చేయకపోవడం, 34 శాతం. పైపు శుభ్రం చేసేవాళ్లు అక్కడ ఫోన్ చేస్తే వస్తారు. కొత్త మిషన్ ధరలో అది చిన్న ముక్క. అల్లుడుగారిని కప్పు ఎక్కనివ్వకండి. మిషన్ వెనక ఉన్న చిన్న పైపు మాత్రం మీరే చూడొచ్చు. ప్లగ్గు తీసి, మిషన్ ముందుకి జరిపి, అది నలిగిందా లేదా చూడండి. గ్యాస్ మీద నడిచే డ్రయ్యర్ అయితే కదపకండి, వచ్చినవాళ్లే చూసుకుంటారు. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో మాత్రం ఇవాళే చూడండి.

ప్రశ్న: బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది. చలికాలంలో కిటికీ మూసేస్తాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే భయం ఉండదు కదా?
– కంభం

జవాబు: ఉంటుంది. గీజర్‌ని బాత్రూమ్ బయట, గాలి ఆడే గోడకి మార్పించి వేణ్నీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోండి. ఫ్యాన్ కొనే డబ్బు దానికి పెట్టండి.

నేను పైన మాస్టారికి చెప్పిందే ఇక్కడా, కాకపోతే ఇక్కడ ప్రాణాల మీదికి వస్తుంది. చిన్న బాత్రూమ్‌లో తలుపూ కిటికీ మూసి గ్యాస్ మండిస్తే లోపలి ఆక్సిజన్ తగ్గిపోతుంది. మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల బరువు, కళ్లు తిరగడం, వికారం, ఆపైన కాళ్లు చచ్చుబడి కూలబడతారు. గడియ తీసుకునే ఓపిక కూడా ఉండదు. లోపలికి గాలి వచ్చే దారి లేకుండా ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిప్పితే, గీజర్‌కి పొగ గొట్టం ఉన్నా అందులోంచి బయటికి పోవాల్సిన పొగని అది వెనక్కి లాగే ప్రమాదం ఉంది. మార్చే దాకా ఏం చేయాలంటారా? తలుపు బార్లా తీసి బకెట్ నింపుకోండి, గీజర్ ఆపండి, ఆ తర్వాతే తలుపేసుకుని స్నానం చేయండి. షవర్ కింద నిలబడి గీజర్ నడపకండి. పిల్లలకి గడియ పెట్టుకోవద్దని చెప్పండి. ఎవరైనా పడిపోతే ముందు ఆరుబయటికి లాగి, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: పైపు పెట్టే వీలే లేదు. ఉతికి ఆరబెట్టే టూ ఇన్ వన్ మిషన్ కొనమంటారా?
– కొమరోలు

జవాబు: కొనేముందు షాపులో ఒక్క మాట అడగండి: ఆరబెట్టేటప్పుడు నీళ్లు వాడుతుందా అని. ఆవిరిని చల్లార్చడానికి కుళాయి నీళ్లు పారించే రకాలున్నాయి. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో అది కుదరని పని. పైపు అక్కర్లేని వాటిలో హీట్ పంప్ డ్రయ్యర్ మేలు. ధర ఎక్కువ, నిదానంగా ఆరబెడుతుంది, కరెంటు మాత్రం మామూలు డ్రయ్యర్ కన్నా బాగా తక్కువ కాలుస్తుంది. బట్టల్లోంచి తీసిన నీళ్లని ఒక తొట్టిలో పోగుచేసి మీకే ఇస్తుంది. ఇల్లు తుడవడానికి పనికొస్తాయి. దాన్ని పెట్టే గదికీ ఒక కిటికీ ఉండాలి.