ఆరు వేల మందికి ఒకే సందేశం

ప్రశ్న: మా పాల సంఘంలో 6 వేల మంది సభ్యులున్నారు. ధర మారినప్పుడు పైథాన్ లూప్‌తో ఎస్సెమ్మెస్‌లు పంపుతున్నాను. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టాలి. కొందరికి రెండుసార్లు వెళ్తోంది. ఏం చేయాలి?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: ఎవరికి పంపిందో మీ లూప్‌కు గుర్తుండదు, అదీ చిక్కు. పంపడానికి ముందే డేటాబేస్‌లో సభ్యుడికో వరుస చొప్పున రాసిపెట్టండి: ప్రకటన సంఖ్య, సభ్యుడి సంఖ్య, స్థితి. మొదటి రెంటినీ కలిపి యూనిక్ కీ చేస్తే ఒకే పేరు రెండుసార్లు ఎక్కదు. పంపే పని వేరే ప్రోగ్రాంకు అప్పగించండి. అది కొన్ని వరుసలు తీసుకుని, ముందు ‘పంపుతున్నాం’ అని గుర్తు పెట్టి, ఆ తర్వాతే ఎస్సెమ్మెస్ గేట్‌వేను పిలవాలి.

అసలు తంటా ఇక్కడే. గేట్‌వే సందేశం అందుకుంది, మీరు ‘పంపాం’ అని రాసుకునేలోపు సర్వర్ పడిపోయిందనుకోండి. అలా మధ్యలో చిక్కిన వరుసలను కళ్లు మూసుకుని మళ్లీ పంపకండి. గేట్‌వే డెలివరీ రిపోర్టుతో సరిచూడండి. ‘పంపాం’ వేరు, ‘చేరింది’ వేరు కాబట్టి రెండు స్థితులూ ఉంచండి. (ఇందుకు కాఫ్కా లాంటి భారీ మెసేజ్ క్యూ పెట్టమని ఎవరైనా అనవచ్చు. 6 వేల మందికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చాలు.)

ఇక నిబంధనల సంగతి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థ పేరు, హెడర్ (పంపేవారి పేరుగా కనిపించేది), సందేశం నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. నమూనాకు తేడా వస్తే సందేశం ఆగిపోతుంది.

ఖర్చు కూడా చూసుకోండి. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. ఒత్తులు (వాటి పొల్లుతో సహా), గుణింతాలు విడిగా లెక్కకొస్తాయి: ‘స్త్రీ’ ఒక్కటే ఆరు. 70 దాటితే రెండు సందేశాల ఛార్జీ పడుతుంది.