స్క్విడ్ సర్వర్ బాగానే నడుస్తోంది, అప్‌డేట్ ఎందుకు?

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో స్క్విడ్ క్యాషింగ్ సర్వర్ నాలుగేళ్లుగా నడుస్తోంది. ఇబ్బందేమీ లేదు. అయినా కొత్త వెర్షన్ వేయాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తప్పకుండా వేయండి. పైకి బాగా నడుస్తున్నా లోపల లోపాలు ఉండవచ్చు. ఉదాహరణకు, స్క్విడ్ చూపే ఎర్రర్ పేజీలో అడ్మిన్‌కు మెయిల్ పంపే లింకు ఉంటుంది. యూజర్ లాగిన్ వివరాలు ఆ లింకులోకి చేరి బయటపడే ప్రమాదం ఉందని తేలింది. దీన్ని 2025 అక్టోబరులో 7.2 వెర్షన్‌లో సరిచేశారు. అప్‌డేట్ వేసేదాకా కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ‘ఈమెయిల్ ఎర్ డేటా’ సెట్టింగును ఆఫ్‌లో పెట్టండి.

ఉబుంటు, డెబియన్ వాడుతుంటే వెర్షన్ నంబరు పాతదిగా కనిపించినా కంగారుపడకండి. భద్రతా సవరణలను వాళ్లు పాత వెర్షన్‌లోనే కలిపి ఇస్తారు. అప్‌డేట్లు క్రమం తప్పకుండా వేస్తే చాలు.

మరో మాట. స్క్విడ్ మామూలుగా 4 ఎంబీ దాటిన ఫైళ్లను దాచుకోదు. పైగా, డిస్క్ క్యాష్‌ను మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఈ రెండూ సరిచేస్తే, హెచ్‌టీటీపీ ద్వారా వచ్చే లినక్స్ ప్యాకేజీని ఒక్కసారి దించుకుంటే ల్యాబ్ అంతటికీ సరిపోతుంది.

అప్‌డేట్‌కు ముందు కాన్ఫిగరేషన్ ఫైల్‌ను బ్యాకప్ తీసుకోండి. సెలవు రోజు చూసుకుని అప్‌డేట్ చేయండి. విద్యార్థుల పాస్‌వర్డ్‌లకు మీరే కాపలా.