రైలొచ్చాక బజారు

షాలిబండ, హైదరాబాదు



1825లో ఈరీ కాలువ తెరిచాక బఫెలో నుంచి న్యూయార్కుకు టన్ను సరుకు కిరాయి దాదాపు వంద డాలర్ల నుంచి పదికి దిగిందని చదివానన్నావు. సంతోషం బిడ్డా. అలాంటి కథే మన మూసీ ఒడ్డునా నడిచింది. అదీ తెలుసుకో.

రైలు రాకముందు బందరు తీరపు ఉప్పు మన ఊళ్లకు చేరాలంటే లంబాడీల ఎద్దులే దిక్కు. ఎద్దు వీపుకు అటొక గోనె, ఇటొక గోనె. పోయేటప్పుడు ధాన్యం, వచ్చేటప్పుడు ఉప్పు. మంద మేస్తూ నడవాలి కనుక మేత, నీళ్లు ఉన్న దారే దారి. జొన్నల్లాంటి చౌక సరుకును దూరం పంపితే కిరాయే అసలును మింగేది. అందుకే ఒకచోట గాదెలు నిండినా, నాలుగు మజిలీల అవతల పస్తులుండేవాళ్లు.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలొచ్చింది. వాడిలో అది బొంబాయి–మద్రాసు లైనును కలిసింది. 1889కి బెజవాడ చేరింది. ఇల్లెందు దగ్గర బొగ్గుందని 1871లోనే తెలిసినా, దానికి బజారు దొరికింది రైలొచ్చాకే.

బేగంబజారు రైలుకన్నా పాతది. రెండో నిజాం బేగం వర్తకులకిచ్చిన జాగా అది. 1907లో నాంపల్లి స్టేషను కట్టాక, అటు రైలు, ఇటు మూసీ వంతెనలు, మధ్యలో టోకు బజారు. అంతకన్నా మంచి జాగా వర్తకుడికి ఏముంటుంది?

నువ్వు రాసేదాంట్లో ఖర్చు సంగతీ రాయి. 1883లో ఈ రైలును చేపట్టిన లండన్ కంపెనీ పెట్టుబడికి ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్లు నిజాం ఖజానా హామీ పడింది. చాందా వైపు రైలు వేసే ఆ పథకాన్ని ప్రశ్నించినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయను నగరం నుంచి వెళ్లగొట్టారు. లంబాడీల ఉప్పు వ్యాపారం పోయింది. ఎందరో నాగలి పట్టారు, కూలికి పోయారు. కిరాయి తగ్గిందని రాసి ఊరుకుంటే వాళ్లు నీ లెక్కలోకి రారు. నాకు ఇదే ముఖ్యం.

ఈసారి వచ్చినప్పుడు ఉస్మాన్‌గంజ్ లారీ ఆఫీసుల దగ్గరికి తీసుకెళ్తాను. బిల్టీ, అంటే సరుకు రసీదు, ఒకటి చేత్తో పట్టుకుని చూడు: పంపినవాడు, అందుకునేవాడు, బస్తాలెన్ని, బరువెంత, కిరాయి ముందే కట్టారా, సరుకు దిగాక కట్టాలా. ఆ కిరాయి సరుకు ధరలో ఎన్నో వంతో నువ్వే లెక్కగట్టు. ఆదివారం మాత్రం రాకు, దుకాణాలు మూసి ఉంటాయి.

మీ తాత