పాటకి అన్నం నువ్వే పెట్టు

సుమ్మాదేవి

చిరంజీవి బుజ్జమ్మకి,

నీ ఉత్తరం అందింది, దానితోపాటు ఆ ఛానెల్ వాళ్లు నిన్ను సంతకం పెట్టమన్న కాగితం జిరాక్సు కూడా. రెండూ రెండేసి సార్లు చదివాను. "ఏటి చెయ్యమంటావు మావయ్యా, పని మానేసి పాటలోకి వచ్చేయనా?" అని అడిగావు. మానొద్దమ్మా. పాట మానొద్దు, ఫ్యాక్టరీలో పనీ మానొద్దు. ఇప్పట్లో మాత్రం వద్దు. ఈ మాట మీ అమ్మ చెప్తే భయంతో చెప్పిందనుకుంటావు. నేను భయంతో చెప్పడం లేదు. నీ పాట మీద నాకు గురి కుదిరింది కాబట్టి చెప్తున్నాను.

నువ్వు అమ్మమ్మ చేతుల మీద కట్టిన పాట విన్నాను. నీకు అమ్మమ్మ, నాకు కన్నతల్లి. మొదటి చరణానికే నా గొంతు పూడుకుపోయింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే చోట ఆవిడ ఎన్నేళ్లు కూచుందో నీకు తెలుసు. పెంకు పగిలినప్పుడు చిమ్మే జీడి పడితే చర్మం పొక్కిపోతుంది, తర్వాత నల్లగా అట్టకట్టి ఊడుతుంది. బూడిద రాసుకుని కూచున్నా వేళ్ల సందుల్లోకి దిగిపోయేది. ఇదంతా నీ పాటలో బాగా వచ్చింది. కానీ రెండో చరణంలోకి వచ్చేసరికి "త్యాగమూర్తి" అన్నావు, "కరుణామయి" అన్నావు. అవి సినిమా పాటల్లోంచి వచ్చిన మాటలు. మీ అమ్మమ్మని అలా ఎవరైనా పిలిచారా? నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను, రాసుకో. చిన్నప్పుడు మాకు అన్నం పెట్టేటప్పుడు అమ్మ చెంచాతో తినిపించేది. తను మాత్రం చేత్తోనే కలుపుకు తినేది. వేళ్లకున్న జీడి మా నోటికి తగిలి పొక్కుతుందని ఆవిడ భయం. ఊళ్లో పిల్లలందరికీ గోరుముద్దలు, మాకు చెంచా. త్యాగమూర్తిని తీసేసి ఆ చెంచా పెట్టి చూడు.

అమెరికాలో ఒకాయన తన అమ్మమ్మ చేతుల మీద పాట కట్టాడు, తెలుసా? బిల్ విథర్స్ అని నల్లజాతి గాయకుడు, రచయిత. సోల్ అంటారు ఆ సంగీతాన్ని. నల్లవాళ్ల చర్చి పాటలోంచి, వాళ్ల కష్టం పాటలోంచి పుట్టింది. ఆయన 1938లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టాడు. పదమూడేళ్లకి తండ్రి పోయాడు. చిన్నప్పటి నుంచీ నత్తి. నౌకాదళంలో తొమ్మిదేళ్లు చేశాడు. ఆ తర్వాత లాస్ ఏంజిల్స్ చేరి, విమానాల్లోకి మరుగుదొడ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పగలంతా అక్కడ పనిచేస్తూ, వచ్చిన జీతంలోంచి మిగుల్చుకుని పాటలు రికార్డు చేయించుకునేవాడు. మొదటి ఆల్బమ్ 1971లో వచ్చింది. అప్పటికి ఆయనకి ముప్పై దాటాయి. ఆ ఆల్బమ్ అట్ట మీద బొమ్మ చూడు, ఫోన్‌లో దొరుకుతుంది. ఫ్యాక్టరీ దగ్గర గోడకి ఆనుకుని, చేతిలో అన్నం డబ్బా పట్టుకుని నుంచున్నాడు. అది వేషం కాదు. పని మధ్యలో బయటికొచ్చి దిగిన బొమ్మ. పాట జనంలోకి వెళ్లాక కూడా ఆయన వెంటనే పని వదల్లేదు, పాటల వ్యాపారం నిలకడ లేనిదని ఆయనకి తెలుసు. "గ్రాండ్‌మాస్ హ్యాండ్స్" అని అమ్మమ్మ చేతుల పాట ఆ ఆల్బమ్‌లోదే. అందులో ఆవిడని ఎక్కడా దేవతని చెయ్యలేదు. చేతులు ఏం చేసేవో అవే చెప్పాడు.

అదే ఆల్బమ్‌లో "ఎయింట్ నో సన్‌షైన్" ఉంది. మధ్యలో ఒకచోట రెండే రెండు మాటలు ఇరవై ఆరు సార్లు వరసగా పాడతాడు. అక్కడ చరణం ఏదో రాద్దామని ఊరికే ఆ మాటలు పెట్టుకున్నాడట. కూడా ఉన్న వాయిద్యకారులు అలాగే వదిలెయ్యమన్నారు. వాళ్లంతా అప్పటికే పేరున్నవాళ్లు, తను ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాడు, అందుకని వాళ్ల మాట విన్నాడు. ఆ పాటకి గ్రామీ బహుమతి వచ్చింది. నువ్వు ప్రతి ఖాళీలోనూ ఒక మాట ఇరికిస్తున్నావు బుజ్జమ్మా. మూడో చరణం ముందర వట్టి రాగం తీసి ఊరుకున్నావు చూడు, పాట మొత్తానికి అదే బాగుంది. అక్కడ ఏమీ చేర్చకు.

అంత దూరం ఎందుకు, మన వంగపండు ప్రసాదరావు గారు లేరూ? 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేశారు. నేనూ విశాఖలో ఫిట్టరు పనే చేశాను కాబట్టి ఆయన పేరు వింటే మా వాళ్లందరికీ గర్వం. కాలికి గజ్జె కట్టి, ఆడుతూ పాడుతూ వందల పాటలు రాశారు. 1972లో మొదలైన జననాట్య మండలిలో గద్దర్‌తో కలిసి నడిచారు. "భూమి భాగోతం" అని నృత్యరూపకం కట్టారు. "ఏం పిల్లడో" పాట 1986లో "అర్ధరాత్రి స్వతంత్రం" సినిమాలోకి ఎక్కి రాష్ట్రమంతా మోగింది. యంత్రం మీద ఆయనదొక పాట ఉంది. ఇనుము పట్టుకున్నవాడికి తప్ప ఇంకొకడికి తట్టని పాట. పేపర్లో చదివి రాసిన కవి "కార్మికుడు, చెమట" అని ఊరుకుంటాడు. ఈయనకి ఏ భాగం దేన్ని తిప్పుతుందో చేతికి తెలుసు, దాన్నే జనానికి విప్పి చెప్పారు. ఆ భాష పార్వతీపురం పొలం గట్టు మీద మాట్లాడుకునే భాష. విజయవాడ వాళ్లకి అర్థం కాదేమో అని ఒక్క మాట కూడా దిద్దుకోలేదు, వాళ్లే నేర్చుకున్నారు.

ఆ ఇద్దరూ పోయింది 2020లోనే. విథర్స్ మార్చి 30న, వంగపండు ఆగస్టు 4న. ఒకరి పేరు ఇంకొకరు విన్నారో లేదో గానీ, ఇద్దరి పాటలూ షిఫ్టు పనిలోంచి పుట్టినవి.

నువ్వు రోజూ బస్సులో ఎవరితో కూచుంటావు? సోంపేట పిల్లలు, మందస పిల్లలు, కవిటి పిల్లలు. ఇంటికి డబ్బు పంపేవాళ్లు, పెళ్లి వాయిదా వేసుకున్నవాళ్లు, తండ్రిని డయాలసిస్‌కి తీసుకెళ్లాలని సెలవడిగి తిట్లు తిన్నవాళ్లు. మన ఉద్దానం ఊళ్ల కిడ్నీ జబ్బు మీద ఎన్ని రిపోర్టులు వచ్చినా, తండ్రి కోసం సెలవడిగిన ఆ పిల్ల చీటీ మీద పాట ఒక్కటి రాలేదు. నువ్వు ఆ బస్సు దిగిపోయి ఏసీ స్టూడియోలో కూచుంటే అది ఎవరు రాస్తారు? ఇదొకటి. రెండోది ఇంకా పెద్దది. పాట నీకు అన్నం పెట్టాలని నువ్వు కోరుకున్న రోజు నుంచీ, అన్నం పెట్టేవాడు చెప్పినట్టు పాడాలి. ఛానెల్ వాళ్లు వారానికో పాట అడిగారని రాశావు, డీజే కొట్టుడు ఉండాలన్నారని, "కొంచెం మసాలా" అన్నారని రాశావు. వారానికో అమ్మమ్మ ఎక్కడ దొరుకుతుందమ్మా? జీతం ఉన్నంత కాలం "నేను రాయను" అనగలవు. ఆ ఒక్క మాట అనగలిగే స్తోమత పాటగాళ్లలో చాలామందికి లేదు.

విథర్స్‌కి కూడా తర్వాత పెద్ద కంపెనీ దొరికింది. వాళ్లు ఆయన్ని తమకి నచ్చినట్టు పాడించాలని చూశారు, ఎవరో పాడేసిన పాటలు మళ్లీ పాడమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 1985లో చివరి ఆల్బమ్ ఇచ్చి ఇంటికెళ్లిపోయాడు. మరో ముప్పై ఐదేళ్లు బతికాడు గానీ ఆల్బమ్ చెయ్యలేదు. 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. అలా వెళ్లిపోవడం ఓటమి అని కొందరు అంటారు. నాకలా అనిపించదు. ఆయన పాటలు అందరూ పాడుతూనే ఉన్నారు, తనకి ఇష్టం లేని పాట ఒక్కటీ ఆయన నెత్తి మీద లేదు.

ఇక వరస సంగతి. వరస పాతది అని ఛానెల్ వాళ్లు పెదవి విరిచారని బాధపడ్డావు. బొడ్డపాడు మనకి ఎంత దూరం? అక్కడ గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, ఇంట్లో ఒడియా మాట్లాడే మనిషి, రైతుల గోడు చెప్పడానికి కొత్త బాణీ వెతుక్కోలేదు. ఊళ్లలో జనం అప్పటికే వింటున్న జముకుల కథని తీసుకున్నాడు. ఆ రైతుల పోరాటం దారిలోనే నడిచి 1969 డిసెంబరులో కాల్పుల్లో చనిపోయాడు. ఆ రాజకీయం గురించి మన ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి, ఇక్కడ అది వద్దు. జముకు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? ఒక పక్క తోలు బిగించిన డొల్ల, ఆ తోల్లోంచి లాగిన నరం తీగ. చంకన పెట్టుకుని, తీగ బిగిస్తూ వదులుతూ మీటితే మనిషి మూలిగినట్టు పలుకుతుంది. కథ చెప్పేవాడి గొంతు అయిపోయిన చోట జముకు అందుకుంటుంది. నీ పాటకి కీబోర్డు కంటే అదే సరిపోతుంది. 2020లో "పలాస 1978" సినిమాకి రఘు కుంచె మన ఉత్తరాంధ్ర జానపదాన్ని వాడుకుంటే "నక్కిలీసు గొలుసు" ఊరూరా మోగలేదూ? పాత వరస ఎవరూ వినరు అనేవాళ్లకి ఆ పాట చాలు.

అయితే ఒక న్యాయం పాటించాలి. నీ పాట వరస పూర్తిగా నీది కాదు. పిక్కలు కొట్టే చోట ఆడవాళ్లందరూ కలిసి పాడుకునేదాన్ని నువ్వు కొంచెం సాగదీశావు, ఎత్తుగడ మార్చావు. మాటలు నీవి. పాట కింద "సాహిత్యం" దగ్గర నీ పేరు ఉండాల్సిందే, "వరస" దగ్గర ఉద్దానం జానపదం అని ఉండాలి. మనది మనం గట్టిగా అడగాలంటే, మనది కానిదాన్ని మనం ముందు ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఆ కాగితం. అందులో "సర్వహక్కులు" అని ఉంది, ఎన్నేళ్లకో రాయలేదు, ఏ దేశాలకో రాయలేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం కాలం రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వాళ్లు నోటితో "శాశ్వతంగా" అన్నారని రాశావు, నోటి మాటకి విలువ లేదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అయినా ఖాళీలు ఖాళీగా వదలొద్దు, రేపు వాళ్లే నింపుకుంటారు. 2012లో చట్టం సవరించాక, పాట రాసినవాళ్లకి రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు వచ్చింది. దాన్ని వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి లేదు, నువ్వు రాసిచ్చినా చెల్లదు. కాగితంలో ఆరో అంశం సరిగ్గా అదే రాసివ్వమంటోంది. రాసినవాళ్ల జీవితకాలం, ఆ తర్వాత మరో అరవై ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అంటే నీ మనవరాలి దాకా. రచయితలు, స్వరకర్తలు చేరే సంఘం ఐపీఆర్ఎస్ అని ఉంది, 1969 నుంచీ ముంబైలో. పాట బయటికి రాగానే అందులో సభ్యత్వం తీసుకో.

నువ్వు చిన్నదానివి కాదు, నేను చెప్పానని ఆగనక్కర్లేదు. ఏదో ఒకరోజు పాట వల్ల వచ్చే డబ్బు వరసగా రెండేళ్లు నీ జీతాన్ని దాటితే, అప్పుడు నువ్వు మానేస్తానంటే నేనే వచ్చి నీ గది సామాన్లు సర్దుతాను. అప్పటిదాకా రాత్రి షిఫ్టు వారాల్లో గొంతు చింపుకోకు, నిద్ర లేని గొంతుతో పై శ్రుతి పాడితే మొదట పోయేది అదే. రాసింది రాసినట్టు తేదీ వేసి నోటు పుస్తకంలో పెట్టు. బస్సులో పిల్లల మాటలు వాళ్లకి చెప్పి రాసుకో, చాటుగా వద్దు.

తితలీ తుపాను మీద పాట మొదలెట్టానన్నావు. 2018 అక్టోబరు 11 తెల్లారి లేచేసరికి మన తోటలో ఏం మిగిలిందో నీకు గుర్తుండాలి, అప్పటికి నువ్వు ఎదిగిన పిల్లవే. గాలి గురించి అందరూ రాశారు. నువ్వు ఆ తర్వాతి ఏడాది రాయి. వేర్లు పైకి లేచిన జీడి చెట్లని కట్టెల లెక్కన కొనడానికి వచ్చినవాళ్లు, కొత్త కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఎన్నేళ్లో వేళ్ల మీద లెక్కపెట్టి తన వయసుకి కలిపి చూసుకున్న మీ తాతయ్య. అది నువ్వు ఇంట్లో ఉండి చూశావు.

వచ్చే ఆదివారం సెలవు దొరికితే ఇంటికి రా. సోమవారం పొద్దున్న పలాస వెళ్లి నాకు తెలిసిన ప్లీడరు గారికి కాగితం చూపిద్దాం. ఆయన ఆరో అంశం కొట్టేసి, అయిదేళ్లు అని రాసి, నీ పేరు సాహిత్యం కింద వేయిస్తేనే సంతకం. వాళ్లు ఒప్పుకోకపోతే కాగితం వెనక్కి ఇచ్చేసి, మంగళవారం షిఫ్టుకి వెళ్లిపో.

ఇట్లు,
మీ మావయ్య