ముళ్ళగోరంట, డిసెంబరు పూలు: ఒక నామవిచారము

ఖరగ్‌పూరు తెలుగువారి వాడుకలోని రెండు పూలపొదల పేర్లను ఇచ్చట పరిశీలింపదలచితిని. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున కొలువులకై ఆంధ్రతీరమునుండి వచ్చిన కుటుంబములవారు ఈ పట్టణమున పెక్కుమంది కలరు. వారు పసుపుపచ్చని పూలు పూయు పొదను ముళ్ళగోరంట యనియు, ఊదాపూలు పూయు పొదను డిసెంబరు పూలచెట్టనియు వ్యవహరింతురు. పేర్లనుబట్టి మొదటిది చేతులకు పెట్టుకొను గోరింటాకునకు చుట్టమనియు, రెండవది పరాయిదనియు తోచును. వాస్తవము దీనికి విపరీతము.

వృక్షశాస్త్రానుసారముగ ఈ రెండు పొదలును బార్లేరియా ప్రజాతిలోనివి. 1753లో లిన్నేయసు మొదటిదానికి బార్లేరియా ప్రయోనైటిస్ అనియు, రెండవదానికి బార్లేరియా క్రిస్టేటా అనియు పేరిడెను. గోరింటాకు వేఱొక కుటుంబమునకు చెందినది. ముళ్ళగోరంటకు ఆకుపంచలయందు వాడిముళ్లుండును. కాయలో గింజలు రెండే. డిసెంబరు పూలపొదకు అట్టి ముళ్లు లేవు. రక్షకపత్రముల అంచులు మాత్రము రంపపుపండ్లవలె నుండును. ఊదాయే గాక గులాబి, తెలుపు వన్నెల పూలును కలవు.

సంస్కృత నిఘంటుకారులు ఈ చుట్టరికమును గుర్తించిరి. అమరకోశము సైరేయక, ఝింటి యను సామాన్యనామముల క్రింద పచ్చనిదానిని కురంటకమనియు, ఎఱ్ఱనిదానిని కురవకమనియు, నీలిదానిని బాణమనియు విభజించినది. బంగాళీయందు ఝింటి శబ్దము రంగును తెలుపు విశేషణములతో నేటికిని చెల్లుచున్నది. తెలుగు నిఘంటువులలో గోరంట యనగా కురంటకమే. ఆంగ్లమాసనామము తగులుటచే రెండవపొద మాత్రము ఈ బంధుత్వమునకు దూరమైనది.

ఈ భేదము సంరక్షణకును సంబంధించినది. రెండు పొదలును దేశమున విరివిగనే కలవు. ముళ్ళగోరంట ఉత్తర ఆస్ట్రేలియాలో కలుపుమొక్కగా సయితము పరిగణింపబడుచున్నది. కాని ఒకయూర నిలుచుట వేఱు. డిసెంబరు పూలు జడలలోనికి వచ్చును గనుక స్త్రీలు కొమ్మలు నాటి వానిని కాపాడుకొందురు. దడులు పోయి గోడలు లేచిన చోట ముళ్ళగోరంటకు తావు లేదు. పంటినొప్పికి దాని ఆకును వాడు తెలివియు ఆ పేరుతోనే వృద్ధులయొద్ద మిగిలియున్నది.

2002 నాటి జీవవైవిధ్య చట్టమును అనుసరించి స్థానికసంస్థల పరిధిలో ప్రజా జీవవైవిధ్య పట్టికలు సిద్ధమగుచున్నవి. వానియందు స్థానికనామములకును, ఉపయోగములకును చోటు కలదు. ఖరగ్‌పూరు వంటి బహుభాషాపట్టణమున బంగాళీపేరు ప్రక్కన తెలుగుపేరును చేర్చుట భాషాపరిశోధకుల విధి. ఝింటి ప్రక్కన గోరంట నిలిచినపుడే రెండు పొదల చుట్టరికమును, వాని నెఱిగిన జనుల యెఱుకయు ఒక్కచోట భద్రమగును.