కిడ్నీలో గడ్డకు మిబీ స్కాన్: చేయవలసినవి, చేయకూడనివి

కడుపునొప్పికో గ్యాస్ బాధకో అల్ట్రాసౌండ్ తీయిస్తే, అడగని కిడ్నీలో గడ్డ బయటపడటం ఇప్పుడు మామూలైపోయింది. ఆ మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదీ క్యాన్సరేనని ఖాయం చేసుకుంటారు. నిజానికి 4 సెంటీమీటర్లు దాటని గడ్డలను తీసి పరీక్షకు పంపితే, దాదాపు అయిదింట ఒకటి క్యాన్సర్ కాదని తేలుతుంది. కొవ్వు ఉన్న యాంజియోమయోలిపోమా అయితే చాలాసార్లు సీటీలోనే దొరికిపోతుంది. చిక్కంతా ఆంకోసైటోమాతోనే. హాని చేయని గడ్డే అయినా సీటీలో అచ్చం క్యాన్సర్‌లా కనబడుతుంది. దీన్ని పోల్చుకోవడానికే కొన్నిచోట్ల న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి పంపి, టెక్నీషియం సెస్టమిబీ (క్లుప్తంగా మిబీ) అనే రేడియోధార్మిక మందు ఇచ్చి స్పెక్ట్ సీటీ అనే స్కాన్ తీయిస్తారు. గుండె పరీక్షల్లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందే ఇది.

చేయవలసినవి

పాత సీటీ, ఎమ్మారై ఫిల్ములు, సీడీలు, క్రియాటినిన్ రిపోర్టు అన్నీ వెంట తీసుకెళ్లండి. గడ్డ ఏ కిడ్నీలో, ఎక్కడ, ఎంత సైజులో ఉందో తెలియకుండా ఈ స్కాన్ చదవడం కష్టం. సెంటీమీటరు, సెంటీమీటరున్నర గడ్డలైతే కెమెరా కంటికి ఆనకపోవచ్చు. అలాంటప్పుడు ఈ పరీక్ష వల్ల ఉపయోగం ఉందా అని ముందే యూరాలజిస్టును అడగండి. అడగడానికి మొహమాటపడితే ఖర్చు, రేడియేషన్ రెండూ వృథా.

గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా, నెల తప్పినా ఇంజెక్షన్ ఇవ్వకముందే చెప్పాలి. పక్కన అత్తగారో మరిదో ఉన్నారని ఈ మాట దాచుకోవద్దు. నర్సును విడిగా పిలిచి చెప్పవచ్చు. బిడ్డకు పాలిస్తున్న తల్లులు ఎంతసేపు ఆగాలో, అసలు ఆగాలో లేదో ఆ విభాగం డాక్టరే చెప్పాలి.

ఇంజెక్షన్ పడగానే నోట్లో లోహపు రుచి తగలవచ్చు. కంగారు అక్కర్లేదు, కాసేపటికి పోతుంది. గంట, గంటంబావు ఆగాక స్కాన్ తీస్తారు. అప్పుడు కదలకుండా పడుకోవాలి. కిడ్నీ ఊపిరితో పాటు పైకీ కిందికీ కదిలే అవయవం కాబట్టి, మామూలుగా నెమ్మదిగా ఊపిరి తీసుకోండి.

ఆ తర్వాత నీళ్లు బాగా తాగి తరచూ మూత్రానికి వెళ్లండి (నీళ్లు తగ్గించమని గుండె డాక్టరో కిడ్నీ డాక్టరో చెప్పినవాళ్లు మాత్రం వాళ్ల మాటే వినాలి). మగవాళ్లయినా ఆ రోజుకు కూర్చునే పోయడం మంచిది. రెండుసార్లు ఫ్లష్ చేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. టెక్నీషియం సగం కావడానికి 6 గంటలు చాలు. అంటే మర్నాటి ఇదే వేళకు, ఒంట్లోంచి బయటికి పోయేది లెక్కేయకపోయినా, పదహారో వంతే మిగులుతుంది. ఆ ఒక్క రోజు చంటిపిల్లల్ని గంటల తరబడి ఒళ్లో పెట్టుకోకండి, గర్భిణులకు కాస్త ఎడంగా ఉండండి. కంచం, మంచం వేరు చేయనక్కర్లేదు. ఇదేమీ అంటురోగం కాదు. ఒకటి రెండు రోజుల్లో విమానం ఎక్కాల్సి ఉంటే ఆస్పత్రి నుంచి ఉత్తరం తీసుకోండి. విమానాశ్రయాల్లో రేడియేషన్ పసిగట్టే యంత్రాలు ఉంటాయి.

చేయకూడనివి

రిపోర్టును మీరే చదివి తీర్పు చెప్పుకోకండి. నా దృష్టిలో ఈ పరీక్షలో రేడియేషన్ కన్నా పెద్ద ప్రమాదం ఇదే. పెట్ స్కాన్‌లో గడ్డ వెలిగితే చెడ్డ కబురని జనంలో నాటుకుపోయింది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఆంకోసైటోమా కణాల్లో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి, మందు వాటిలోకి చేరి నిలిచిపోతుంది, గడ్డ వెలుగుతుంది. ఎక్కువగా కనబడే క్లియర్ సెల్ క్యాన్సర్ ఆ మందును బయటికి నెట్టేస్తుంది, చీకటిగా మిగులుతుంది. అంటే మిబీలో వెలుగు చాలావరకు శుభవార్తే.

చాలావరకే, పూర్తిగా కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 50 మందికి ముందు ఈ స్కాన్ చేసి, తర్వాత ఆపరేషన్ చేశారు. 6 ఆంకోసైటోమాల్లో 5 వెలిగాయి, ఒకటి వెలగలేదు. ఆంకోసైటోమాకు దగ్గరి బంధువుల్లాంటి మిశ్రమ గడ్డలు రెండూ వెలిగాయి. మిగతా 42 గడ్డల్లోనూ 2 వెలిగాయి. క్రోమోఫోబ్ రకం క్యాన్సర్ ఇలా మోసం చేయగలదు. కాబట్టి వెలిగింది కదా అని డాక్టరు చెప్పిన బయాప్సీని ఎగ్గొట్టకండి. వెలగలేదని ఆ వారమే కిడ్నీ మొత్తం తీసేయమని పట్టుబట్టకండి.

ఫలానా వాళ్లకు పెట్ తీశారు, మాకూ అదే తీయండి అని అడగకండి. మామూలు పెట్‌లో వాడే చక్కెర మందు మూత్రంలోంచే పోతుంది కాబట్టి కిడ్నీ అంతా వెలుగుతూ ఉంటుంది, గడ్డ అందులో కలిసిపోతుంది. జిర్కోనియం గిరెంటుక్సిమాబ్ అనే మరో పెట్ మందుపై పరిశోధనలు జరిగాయి. 2024లో వెలువడిన ఫలితాల్లో అది క్లియర్ సెల్ క్యాన్సర్‌ను నూటికి 85కు పైగా సందర్భాల్లో సరిగ్గా పట్టింది. అందులో వెలుగు అంటే క్యాన్సర్ అనే అర్థం. రెండు స్కాన్‌ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి పోల్చుకునే వాళ్లకు ఇక్కడే కాలు జారుతుంది.

రేడియేషన్ భయంతో అవసరమైన స్కాన్ మానేయకండి, అనుమానం తీరక రెండో ఆస్పత్రిలో అదే స్కాన్ మళ్లీ తీయించకండి. మిబీ ఇంజెక్షన్‌తో ఒంటికి తగిలేది సుమారు 8 మిల్లీసీవర్ట్‌లు, సీటీది అదనం. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 తగులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: హాని లేని గడ్డలా ఉందన్నారు కదా అని ఇంటికెళ్లి మరిచిపోకండి. గడ్డ పెరుగుతోందో లేదో చూసే తర్వాతి స్కాన్ ఎప్పుడో తేదీ రాయించుకున్నాకే ఓపీ గదిలోంచి లేవండి.